చివరి గడిలో పేరు

1920 అక్టోబరు 28

ఆఫీసు రిజిస్టరులో ఏడు గడులు. పేరు, వయసు, సందు, చేసే పని, ఇంట్లో ఎంతమంది, కఫం పరీక్ష ఫలితం, చివరిది సమాచారం ఇచ్చినవారు. నా చిరాకు రాసుకోవడానికి ఎనిమిదో గడి లేదు. అందుకే ఈ నోటుబుక్కు కొనుక్కున్నాను. ఇది ఎవరూ చదవరు కాబట్టి ఇందులో నన్ను నేను పొగుడుకోవచ్చు కూడా.

ఈరోజు పటం వచ్చింది. ఫుకాగావాలో మా ధర్మాసుపత్రి కిందికి వచ్చే పదకొండు సందులూ, కాలవలూ, వంతెనలూ అన్నీ ఉన్నాయి. ఒక్కో ఇంటినీ వేలిగోరంత గడిగా గీయించారు సెగావా డాక్టరు గారు. క్షయ ఖాయమైన ఇంటికి ఎర్ర గుండుసూది, అనుమానం ఉన్న ఇంటికి తెల్లది. ఎర్రవి వంద తెప్పించారు.

"ఏడాదికి సరిపోతాయంటారా ఇకు గారూ?" అని అడిగారు.

"వసంతానికే అయిపోతాయి" అన్నాను.

ఆయన నవ్వారు గానీ నేను నవ్వలేదు. ఇన్నాళ్లూ లెక్క తక్కువగా కనిపించింది ఈ సందుల్లో జబ్బు లేక కాదు, చెప్పేవాళ్లు లేక. ఇంటికి ఊపిరితిత్తుల జబ్బని పేరు పడితే ఆ ఇంటి పిల్లని చేసుకునేవాడూ ఉండడు, ఆ ఇంటికి పిల్లనిచ్చేవాడూ ఉండడు. అందుకని వైద్యులు కూడా దయతలచి గుండెల్లో జలుబనీ, నిమోనియా అనీ మెత్తగా రాసేస్తారు. నేను పదమూడేళ్లుగా నర్సుని. మెత్తగా రాసింది ఒక్కటీ లేదు. నా రిజిస్టరులో కొట్టివేత కూడా ఒక్కటి లేదు. ఆలోచించి రాస్తాను, రాసింది నిలబడుతుంది.

అక్టోబరు 30

కర్రల సందులో గొడుగులు చేసే యోహెయ్ నన్ను గుమ్మం దాటనివ్వలేదు. లోపల కూతురి దగ్గు వినిపిస్తూనే ఉంది.

"మా వంశంలోనే ఊపిరితిత్తులు లేవమ్మా. ఎవరినైనా అడుక్కో."

"మరి ఊపిరి దేంతో పీలుస్తున్నారు?"

పక్కింటి ఆడవాళ్లు కిసుక్కుమన్నారు. అతను తలుపు వేసేశాడు. గెలిచింది నేనే, కానీ తలుపు మాత్రం మూసే ఉంది. తెల్ల సూది గుచ్చాను.

నవంబరు 3

నాకు ఓగిన్ దొరికింది.

కర్రల సందూ ఉప్పు సందూ కలిసే మూల మీద అద్దె పరుపుల కొట్టు ఆమెది. చలికాలం పరుపు కొనలేని ఇళ్లన్నీ ఆమె దగ్గరే రోజువారీ అద్దెకి తీసుకుంటాయి. సాయంత్రం వీపు మీద మోసుకెళ్లి ఇస్తుంది, పొద్దున మళ్లీ తిరిగి పోగుచేసుకుంటుంది. అరవై మూడేళ్లు. పొగాకు గొట్టం నోట్లోంచి తీసిందంటే ఎవరినో తిట్టడానికే. నేను అరిగిపోయిన చెప్పులతో ఆమె కొట్టు ముందు కూలబడితే టీ పోసి అడిగింది.

"ఏం నర్సమ్మా, తలుపులు లెక్కపెట్టడమేనా, ఒక్కటైనా తెరిపించావా?"

"నువ్వయితే ఏం చేస్తావు పిన్నీ?"

"నేనెందుకు తెరిపిస్తాను? నాకు వాళ్లే తెరుస్తారు. రాత్రి చెమటకి తడిసిన పరుపు పొద్దున చేతికి తగిలిందంటే నాకు ఆ ఇంటి సంగతి తెలిసిపోతుంది. మనుషులు దాస్తారు గానీ పరుపు ఎక్కడ దాస్తుంది? కర్రల సందులో ఐదు తడి పరుపులున్నాయి. చెప్పనా?"

నాకు లేచి ఆమె చేతులు పట్టుకోవాలనిపించింది. రాత్రి చెమటలు క్షయకి మొదటి గుర్తు. ఏ పుస్తకమూ చెప్పని పద్ధతి ఈ ముసలమ్మ చేతిలో ఉంది. ఐదు పేర్లూ చెప్పింది. తర్వాత ఆ పొద్దున తెచ్చిన తడి పరుపుని మధ్యాహ్నం దాకా ఎండకేసి, సాయంత్రానికి వేరే ఇంటికి మోసుకుపోయింది.

నవంబరు 9

ఐదిళ్లకీ ఓగిన్ పిన్నితో కలిసి వెళ్లాను. ఐదు తలుపులూ తెరుచుకున్నాయి. కఫం పరీక్షలో నాలుగు ఖాయం. గొడుగుల యోహెయ్ కూతురు కూడా. అతను చాప మీద చతికిలబడి "పెళ్లి వసంతంలో అనుకున్నాం" అన్నాడు. ఈసారి నేను జోకు వెయ్యలేదు. ఆ పిల్లకి వేరే గది, వేరే గిన్నె, మూత ఉన్న కఫం డబ్బా ఏర్పాటు చేశాను.

రిజిస్టరు చివరి గడిలో నాలుగుసార్లు ఒకే పేరు రాశాను. సమాచారం ఇచ్చినవారు: ఓగిన్. ఆమెకి చదవడం రాదు. ఎక్కడ రాశావో చూపించమంది. చూపిస్తే ఆ మూడు అక్షరాల మీదా వేలు పెట్టి ఒక్కొక్కటే తడిమింది.

"ఇదా నేను? బాగానే ఉన్నాను."

నవంబరు 14

మూడు ఎర్రవి. సమాచారం: ఓగిన్.

నవంబరు 19

ఈ నెలలో నేను చేసిన మంచి పని ఇది, రాసుకోకపోతే మర్చిపోతాను.

ఓఫుసా అనే ఇరవై రెండేళ్ల అమ్మాయి కర్రల సందులో ఒక చీకటి గదిలో ఉంటోంది. మొగుడు నది పడవల మీద పని చేస్తాడు, నెలకి రెండుసార్లు ఇంటికొస్తాడు. ఎనిమిది నెలల పాప, పేరు కినూ. పక్క గదిలో రోగి, మధ్యలో కాగితం తలుపు. నేను వెళ్లగానే ఆ పాప నా టోపీ లాగేసి నోట్లో పెట్టుకుంది. అంత ధైర్యమైన పాపని ఆ గదిలో వదిలి రావడం నావల్ల కాలేదు.

పాప చేతి మీద మందు వేసి చిన్న గీటు పెట్టాం. క్రిమి ఒంట్లోకి దిగి ఉంటే రెండు రోజుల్లో అక్కడ ఎర్రగా ఉబ్బుతుంది. ఉబ్బలేదు. ఇంకా అంటలేదు. అదే రోజు వాళ్లని ఉప్పు సందుకి మార్పించాను. పటంలో ఉప్పు సందులో ఒక్క సూది కూడా లేదు. ఆ ఖాళీ చోటు చూసినప్పుడల్లా నాకు కడుపు నిండినట్టు ఉంటుంది.

ఓఫుసా తెల్లవారకముందే నది ఒడ్డుకి వెళ్లి ఆల్చిప్పలు ఒలిచే పని చేస్తుంది. పాపని ఎవరు చూడాలి? దానికీ నేనే దారి చూపించాను. ఓగిన్ పిన్ని కొట్టు ఆ సందు మూల మీదే కదా. కినూని ఒళ్లో పెట్టగానే ఆమె పొగాకు గొట్టం పక్కన పెట్టేసింది. "నాకెవరూ లేరని ఎవరు చెప్పారు నీకు, ఇంత గుండ్రటిదాన్ని తెచ్చావు" అంది.

డిసెంబరు 2

ఇప్పుడు పద్ధతి స్థిరపడింది. పొద్దున్నే ఓగిన్ పిన్ని కినూని ఒళ్లో కూర్చోపెట్టుకుని గంజి తాగిస్తుంది. తర్వాత పాపని వీపున కట్టుకుని పరుపులు పోగుచేయడానికి బయల్దేరుతుంది, ఆమె వెనక నేను. ప్రతి ఇంట్లో లోపలికెళ్లి పొయ్యి పక్కన కూర్చుంటుంది. కబుర్లు చెబుతుంది, ఆ ఇంటి పిల్లల్ని దగ్గరికి తీసుకుంటుంది, ఈలోపు నేను నా కళ్లు వాడతాను. పదకొండు సందుల్లో ఎనిమిది ఇప్పుడు మాకు తెరిచిన తలుపులే.

డాక్టరు గారు ఇరవై ఆరు ఎర్ర సూదులు లెక్కపెట్టి, "జిల్లా మొత్తంలో ఇంతమందిని బయటికి లాగినవాళ్లు లేరు" అన్నారు. అది నాకు తెలుసు. అయినా వినడానికి బాగుంది.

డిసెంబరు 11

మబ్బుగా ఉంది. ఓగిన్ పిన్ని వంతెన మీద రెండుసార్లు ఆగి దగ్గింది. నలభై ఏళ్లుగా పాత దూది ఏకి పరుపులు కుడుతోంది, ఆ దుమ్ము ఎక్కడికి పోతుంది? పైగా పొగాకు. ఈ పనిలో ఉన్న ముసలివాళ్లందరికీ ఉండేదే. ఇక్కడి వాళ్లు దాన్ని దూది దగ్గనే అంటారు, ఎవరూ పట్టించుకోరు. అల్లం మరిగించుకుని తాగమన్నాను.

డిసెంబరు 27

ఉప్పు సందులో మొదటి ఎర్ర సూది. పీపాలు చేసేవాడి భార్య.

కొత్తగా వచ్చినవాళ్లు కాదు, పదేళ్లుగా ఆ ఇంట్లోనే ఉన్నారు. గది పొడిగా, వెలుతురుగా ఉంటుంది. ఎక్కడి నుంచి వచ్చింది?

1921 జనవరి 3

కొత్త సంవత్సరం. ఓగిన్ పిన్ని ఇంట్లో బియ్యప్పిండి ముద్దల పులుసు తాగాం, ఓఫుసా, ఆమె మొగుడు, కినూ, నేను. కినూకి రెండు పళ్లొచ్చాయి. ఓగిన్ పిన్ని ముద్దని నమిలి మెత్తగా చేసి పాప నోట్లో పెట్టింది. మా అమ్మ కూడా నాకు అలాగే పెట్టేది. చాలా ఏళ్ల తర్వాత పండగ పండగలా ఉంది.

పిన్ని దగ్గుతోంది. దూది దుమ్ము.

జనవరి 9

ఉప్పు సందులో ఇంకో రెండు. ఇద్దరూ పిల్లలు. నాకు ఒంటి మీద ఈగ వాలినంత చిరాకుగా ఉంది. నా ఖాళీ చోటు.

జనవరి 15

పట్టుకున్నాను.

పొద్దుటి నుంచీ పటం ముందే కూర్చున్నాను. ఉప్పు సందులోని మూడు ఇళ్లకీ ఒకదానితో ఒకదానికి సంబంధం లేదు, చుట్టరికం లేదు, నీళ్ల బావి కూడా వేరు. ఉన్నదల్లా ఒక్కటే. మూడు ఇళ్లూ అద్దె పరుపులు వాడతాయి. కర్రల సందులో రోగి చెమటకి తడిసిన పరుపు సాయంత్రానికి ఉప్పు సందులో పిల్లల కిందికి వస్తోంది. నవంబరులో నా కళ్ల ముందే జరిగింది. నేనే ఈ పుస్తకంలో రాసుకున్నాను, రాసి పక్కన పెట్టాను.

డాక్టరు గారికి చెబితే కుర్చీలోంచి లేచారు. ఇలాంటిది కనిపెట్టినవాళ్ల పేర్లు పుస్తకాల్లోకి ఎక్కుతాయి.

జనవరి 16

ఓగిన్ పిన్నికి చెప్పడం మాత్రం కష్టమైంది. ఆమె గొట్టం దులిపింది.

"అయితే నా పరుపులే ఇంటింటికీ మోస్తున్నాయంటావు."

"పరుపుల తప్పేం లేదు పిన్నీ. ఆవిరి పెడితే క్రిమి చచ్చిపోతుంది. మళ్లీ కొత్త పరుపులే."

"ఎన్నింటికి పెట్టాలి?"

"అన్నింటికీ."

ఎనభై నాలుగు పరుపులు. నడి చలికాలంలో కొట్టు మూసుకోమని చెప్పినట్టే. ఆమె కినూ తల నిమిరింది. "రేపు కుట్లు విప్పడం మొదలెడదాం. నువ్వూ కత్తెర పట్టాలి, టోపీ పెట్టుకుని చూస్తూ కూర్చోవడం కాదు" అంది.

జనవరి 30

ఎండ బాగుంది. కాలవ గట్టు పొడుగునా దూదే. గలీబులన్నీ ఉడకబెట్టాం, దూదంతా ఆసుపత్రి ఆవిరి గదిలో పెట్టాం, ఇప్పుడు మళ్లీ ఏకుతున్నాం. సందులోని ఆడవాళ్లు పన్నెండు మంది తలలకి గుడ్డలు కట్టుకుని వచ్చారు. గొడుగుల యోహెయ్ కూడా వచ్చి కర్రలు పాతి తాళ్లు కట్టాడు. వార్డు ఆఫీసు నుంచి పెద్దమనిషి వచ్చి చూసి, మార్చిలో సభ పెడతాం, మీరు పటంతో సహా వచ్చి చెప్పాలి అన్నాడు.

ఓగిన్ పిన్ని ఏకుతూ ఏకుతూ గోడ పట్టుకుని దగ్గింది. ఈసారి మరీ ఎక్కువ దూది.

ఫిబ్రవరి 8

ఎనభై నాలుగూ అయ్యాయి. ఉప్పు సందు కథ ముగిసింది. ఎర్ర సూదులు యాభై ఒకటి.

ఫిబ్రవరి 15

కినూకి వారం రోజులుగా సాయంత్రమయ్యేసరికి ఒళ్లు కాలుతోంది. దవడ కింద గడ్డలు వేలికి తగులుతున్నాయి. పాలు తాగడం తగ్గించింది. నా టోపీ ఇచ్చినా లాగలేదు.

గీటు పెట్టి వచ్చాను. ఏమీ ఉండదు.

ఫిబ్రవరి 17

రాగి నాణెమంత వెడల్పున ఉబ్బింది. ఎర్రగా, గట్టిగా.

నవంబరులో లేదు. అంటే అంటింది ఉప్పు సందులోనే. నేను మార్పించిన చోటే.

ఏడాది నిండని పిల్లకి ఆ క్రిమి తలకెక్కితే మూడు వారాలే బతుకు. అలాంటి పిల్లల్ని నేను తొమ్మిది మందిని చూశాను. డాక్టరు గారు, "గడ్డల దగ్గరే ఆగిపోవచ్చు, కానీ ఇంకా అంటిస్తున్న మనిషి ఎవరో దగ్గర్లోనే ఉంటే ఆగదు, ముందు ఆ మనిషిని వెతకండి" అన్నారు.

ఫిబ్రవరి 18

ఓఫుసా కఫం శుభ్రం. మొగుడిది శుభ్రం. రెండు వైపులా ఇరుగుపొరుగు శుభ్రం. వాళ్ల పరుపు నేను స్వయంగా ఆవిరి పెట్టినది. ఆ ఇంట్లోకి వచ్చేవాళ్లు ఇంకెవరూ లేరు. ఓగిన్ పిన్ని, నేను, అంతే.

ఎక్కడి నుంచి?

ఫిబ్రవరి 20

ఎక్కడి నుంచి?

ఆల్చిప్పల ఒడ్డు నుంచి అయ్యుండాలి. రేపటి నుంచి అక్కడ పనిచేసే ఆడవాళ్లందరి కఫం తీసుకుంటాను. ముప్ఫై మంది. వారంలో అయిపోతుంది.

ఫిబ్రవరి 22

ఓగిన్ పిన్ని పరుపుల కోసం వెళ్లిన చోట లోపలికి రానంటోంది. గుమ్మం బయటే నిలబడి కేకేసి పరుపు తీసుకుంటోంది. ఆవిరి పెట్టించి వ్యాపారం పాడుచేశానని నా మీద కోపం కాబోలు. పని జరగాలి, మనుషుల అలకలు చూస్తూ కూర్చుంటే ఎలా?

ఫిబ్రవరి 24

ఓగిన్ పిన్ని ఆసుపత్రికొచ్చింది, మొదటిసారి. పటం చూస్తానంది. ఎక్కడ వంతెన, ఎక్కడ తన కొట్టు అని అడిగింది. కొట్టు గడిలో ఏ సూదీ లేదు. అక్కడ వేలు పెట్టి, ఆ వేలిని ఒక్కో ఎర్ర సూది మీదుగా నడిపించుకుంటూ వెళ్లింది.

"ఇది నా పొద్దుటి దారి కదూ?"

"మనిద్దరి దారి పిన్నీ. ఇవన్నీ మనం పట్టుకున్నవే" అన్నాను గర్వంగా.

ఆమె వేలు తీసేసింది. టీ పోస్తే తాగకుండా వెళ్లిపోయింది.

ఫిబ్రవరి 26

కినూని ఇంక చూసుకోలేనని చెప్పేసింది ఓగిన్ పిన్ని. నడుము నొప్పట. ఓఫుసా ఏడ్చింది. పాప రెండు చేతులూ చాచి ఏడుస్తుంటే కూడా ముసలమ్మ ఎత్తుకోలేదు, వెనక్కి జరిగింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"జబ్బు చేసిన పిల్లని ఇంత చులకన చేస్తావా? నీ గుండె రాయా?" అన్నాను అందరి ముందూ.

"అవును, రాయే" అని లోపలికెళ్లి తలుపేసుకుంది.

ఎలాంటి మనిషి అనుకున్నాను, ఎలా తేలింది. ఓఫుసాని పని మాన్పించి ఆసుపత్రి బట్టలు ఇంట్లో కుట్టే పని ఇప్పించాను.

మార్చి 2

ఆల్చిప్పల ఆడవాళ్లు ముప్ఫై మందీ శుభ్రం.

ఓగిన్ పిన్ని నన్ను పిలిచి మూత బిగించిన కఫం డబ్బా ఇచ్చింది. మా సందులో ఒక ముసలిదానిది, పేరు చెప్పడానికి సిగ్గుపడుతోంది, ఫలితం నాకు చెబితే నేను చెబుతాను అంది. ఎవరని నేను అడగలేదు. ఇంకా కోపంగానే ఉన్నాను. అయినా పని మానలేదని మనసులో మెచ్చుకున్నాను.

మార్చి 4

డాక్టరు గారు సూక్ష్మదర్శినిలోంచి తలెత్తి నన్ను చూడమన్నారు. నీలం మీద ఎర్రటి పుల్లలు, లెక్కపెట్టలేనన్ని. ఇన్ని క్రిములు ఒకేచోట నేనెప్పుడూ చూడలేదు.

"ఎవరిది ఇది? ఈ మనిషి ఒక్కరు చాలు, ఒక సందు మొత్తానికి."

తెలుసుకుని వస్తానని బయల్దేరాను. వంతెన దాకా మామూలుగానే నడిచాను. వంతెన మీద, ఆమె ఎప్పుడూ ఆగి దగ్గే చోట, నా కాళ్లు ఆగిపోయాయి.

ఆమె కొట్టు ముందు కూర్చుని ఉంది. నన్ను చూసి నాకొక ఎత్తుపీట గాలి వచ్చే వైపు దూరంగా వేసింది.

"ఏమైంది ఆ ముసలిదాని సంగతి?"

నేను పీట అంచున కూర్చున్నాను.

"ఉందా?"

తలూపాను.

"అనుకున్నాను" అంది. "లోలోపల గుబులు ముందే ఉంది, నువ్వు పటం మీద చూపించావు చూడు, ఆరోజు ఖాయమైంది. పరుపులన్నీ ఉడికించాం, దూదంతా కాల్చినంత పని చేశాం, మరి పాపకి ఎట్లా వచ్చింది? ఉడకబెట్టకుండా మిగిలింది నేనొక్కదాన్నే. నీకు తట్టలేదా నర్సమ్మా, నిజంగానే?"

నిజంగానే తట్టలేదు అన్నాను. అది అబద్ధమో నిజమో ఇప్పుడు నాకే తెలియడం లేదు. ఈ పుస్తకం వెనక్కి తిప్పి చూశాను. దూది దుమ్ము, దూది దుమ్ము అని నా చేతి రాతే ఉంది. వేరే ఎవరైనా మూడు నెలలు దగ్గి ఉంటే నేను వాళ్ల మెడ మీద కూర్చుని కఫం తీసుకునేదాన్ని. మెత్తగా రాసే వైద్యుల్ని తిట్టాను. నేను రిజిస్టరులో అసలు రాయనే లేదు. మూసిన తలుపులన్నీ తెరిపించి ఆమెని లోపలికి తీసుకెళ్లింది నేను. కినూని ఆమె ఒళ్లో పెట్టింది నేను.

ఆసుపత్రికి తిరిగొచ్చాక డాక్టరు గారు అడిగారు. "పరుపులామెనా? ఆవిడని ఎలా అనుమానించారు మీరు? అద్భుతం. సభలో ఇది చెప్పాలి."

నేను అవుననీ అనలేదు, కాదనీ అనలేదు. రిజిస్టరు తీసి వరసగా గడులు నింపాను. చివరి గడిలో నా పేరు రాశాను.

మార్చి 5

ఏమీ రాయాలని లేదు.

మార్చి 7

ఓగిన్ పిన్ని ముక్కుకీ నోటికీ నాలుగు మడతల గుడ్డ కట్టుకుని వచ్చింది. పటాన్ని వరండాలోకి తెచ్చి గాలిలో పెట్టాం. ఆమె చెప్పింది, నేను తెల్ల సూదులు గుచ్చాను.

"ఇక్కడ కూర్చున్నాను, చాలాసేపు. ఇక్కడ గుమ్మంలోనే. ఇక్కడ కవలలు, ఇద్దరినీ ఎత్తుకునేదాన్ని. ఇక్కడ వాడు చేపల పులుసు పెడితే తిన్నాను, వాడి గిన్నెలోనే. ఆగు, ఆ పక్కిల్లు కాదు, ఇది. ఆ పక్కదాంతో నాకు మాటల్లేవు, వాళ్లు బతికిపోయారు."

నలభై మూడు ఇళ్లు. ఏ ఇంట్లో ఎవరు, ఎంత చిన్నవాళ్లు, ఎన్నాళ్లు, ఒక్కటీ తడబడలేదు. చివరికి వేలితో నన్ను చూపించింది.

"నీ గది ఏది ఇందులో?"

చూపించాను. అక్కడ కూడా ఒకటి గుచ్చమంది. గుచ్చాను. డాక్టరు గారు నా కఫం వెంటనే తీసుకున్నారు. సాయంత్రానికి ఫలితం వచ్చింది, శుభ్రం. నెలనెలా మళ్లీ చూడాలట. నాకేం భయం లేదు, చూసుకోనివ్వండి.

మార్చి 10

నలభై మూడు ఇళ్లలో పందొమ్మిది తిరిగాను, ఒక్కదాన్నే. ఓగిన్ పిన్ని పంపిందని చెబితే చాలు, అన్ని తలుపులూ తెరుస్తున్నారు.

కినూకి నాలుగు రోజులుగా జ్వరం లేదు. డాక్టరు గారు కంటి వెలుగూ, మెడా, కాళ్లూ అన్నీ చూసి, తలకెక్కలేదు, ఇక ఎక్కదనే అనుకుంటున్నాను అన్నారు. ఈ ఉదయం పాప నా టోపీ లాగింది. నేను ఓఫుసా ముందే ఏడ్చాను, సిగ్గుపడలేదు.

ఆమెకి అంతా చెప్పాను. ఓగిన్ పిన్ని సంగతి, నా సంగతి. ఓఫుసా వంగి సూదిలో దారం ఎక్కించింది.

"ఎత్తుకోనన్నది ఇందుకా" అంది. "నేను ఆవిడని ఎన్ని మాటలన్నానో."

"నేనూ అన్నాను."

"మీ మీద మాత్రం నాకు కోపం ఉంది నర్సమ్మా."

"ఉండాలి" అన్నాను.

మార్చి 12

ఓగిన్ పిన్ని ఈరోజు వెళ్లిపోయింది. ఊరి బయట కొత్తగా కట్టిన క్షయ ఆసుపత్రిలో మంచం దొరికింది. కొట్టు యోహెయ్‌కి అప్పగించింది. గొడుగులకంటే పరుపులు నయం, చినిగితే కుట్టుకోవచ్చు అని అతనికి చెప్పింది. అతని కూతురు గుమ్మంలో కూర్చుని, గుడ్డ అడ్డం పెట్టుకుని నవ్వింది.

బండి ఎక్కే ముందు రిజిస్టరు చూపించమంది. పేరు గడిలో తన మూడు అక్షరాలూ వెతికి పట్టుకుంది. "ఇక్కడున్నాను" అంది. తర్వాత వేలిని నెమ్మదిగా వరస చివరికి నడిపించింది. 

"ఇక్కడేంటి వేరేది ఉంది? మిగతా అన్ని వరసల్లోనూ చివర నేనే కదా ఉంటాను."

"అది నా పేరు పిన్నీ."

"నీకెవరు చెప్పారు నా సంగతి?"

"ఎవరూ చెప్పలేదు. నువ్వే."

"డబ్బాలో ఉమ్మింది ఎవరు?"

"నువ్వే."

"మరి? ఈ సందుల్లో అందరినీ పట్టిచ్చింది నేను. నా ఒక్కదాన్నీ ఇంకొకరు పట్టిచ్చారంటే నా పరువేం కావాలి?"

నేను అక్కడే, బండి చక్రం మీద రిజిస్టరు ఆనించి, నా పేరు కొట్టేసి పక్కన ఆమె పేరు రాశాను. ఇంకు ఆరేదాకా చూస్తూ నిలబడింది. తాకలేదు, ఈసారి దూరం నుంచే మూడు అక్షరాలూ లెక్కపెట్టుకుంది. "బాగానే ఉన్నాను" అని బండెక్కింది. వంతెన దాటేదాకా చూశాను. ఆమె వెనక్కి తిరగలేదు, దగ్గు వస్తే గుడ్డ అడ్డం పెట్టుకుంది.

డాక్టరు గారు కొట్టివేత చూసి ఇదేమిటి అన్నారు. జరిగింది జరిగినట్టు చెప్పాను. నేను ఆవిడని అనుమానించనే లేదని, సభలో కూడా అలాగే చెబుతానని. ఆయన కళ్లద్దాలు తుడుచుకుని, పేజీ పాడైంది, పోనీ కొత్త పేజీ మీద శుభ్రంగా రాయండి అన్నారు.

వద్దండీ, ఇలాగే ఉండనివ్వండి అన్నాను.